రాయికీ ఒక సర్వీసు రిజిస్టరు

(మన విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు, లైఫ్ సర్టిఫికెట్టు వంటి విషయాలు చర్చించవలసిన సభలో రాళ్ళను గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. కారణం లేకపోలేదు. మన సభ్యులలో కొందరం రిటైరైన తరువాత గోదావరి ఒడ్డునా వాగులలోనూ రంగురాళ్ళు ఏరుకొచ్చి, చిన్న సాన యంత్రం మీద నునుపు చేసి, ఉంగరాలకూ లాకెట్లకూ పనికివచ్చే బిళ్ళలు తయారుచేసే సరదాలో పడ్డాము. మరికొందరి ఇళ్ళలో తాతల నాటి పూసల దండలు, రాతి ఉంగరాలు ఉన్నాయి. ఇంకొందరు అంగట్లో “అపురూపమైన జాస్పరు” అంటే నమ్మి కొన్నవారు. అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: “ఇది ఏ రాయి?”

ఈ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఇది ఏ కుటుంబానికి చెందిన రాయి? రెండు, ఇది ఎక్కడిది? మొదటిదానికి చాలావరకు మన ఇంట్లోనే, పెద్ద ఖర్చు లేకుండా జవాబు రాబట్టవచ్చు. రెండోదానికి ఇంటి పరీక్ష ఏదీ జవాబు చెప్పదు. పెద్ద ప్రయోగశాలకు కూడా అది కష్టమైన పనే. ఆ రాయిని ఏరిన మనిషి ఒక చీటీ రాసిపెడితేనే అది తెలుస్తుంది. ఈ సంగతి మీ మనసుకు ఎక్కించాలన్నదే నా ప్రయత్నం.

అగేటు, జాస్పరు అనే పేర్లు కొత్తగా వినిపిస్తాయి గాని ఆ కుటుంబం మనకు కొత్తది కాదు. అగ్గిపెట్టె ఇంటింటికీ రాకముందు నిప్పు రాజేసిన చెకుముకి రాయి ఈ కుటుంబానిదే. కంసాలి బంగారం వన్నె చూసే నల్లని గీటురాయి కూడా సాధారణంగా ఈ జాతిదే. కళాశాల ప్రయోగశాలల్లో పనిచేసినవారికి జ్ఞాపకం ఉంటుంది. పాతకాలపు రసాయన త్రాసులో దండె ఆనుకొని ఊగే కత్తి అంచును అగేటుతో చేసేవారు. అది త్వరగా అరగదు, తుప్పు పట్టదు. మన ముస్లిం మిత్రుల వెండి ఉంగరాలలో కనిపించే హకీకు కూడా అగేటు కుటుంబమే. నలుపు తెలుపు చారలున్న దానిని బజారులో సులేమానీ అంటారు.

వీటన్నిటి మూలపదార్థం ఒక్కటే, సిలికా. పొలం గట్ల మీద తెల్లగా మెరిసే పలుగురాయి కూడా అదే. పలుగురాయిలో స్ఫటికాలు పెద్దవిగా ఉంటాయి. అగేటు, జాస్పరులలో అవి మామూలు కంటికి అందనంత చిన్నవి. చారలుండి, వెలుగును లోనికి రానిచ్చేది అగేటు. చారలు లేకుండా వెలుగును రానిచ్చేది చాల్సిడనీ. అందులో ఎరుపు, నారింజ రంగులది కార్నీలియన్. ఇనుము ఆక్సైడు, బంకమట్టి వంటివి బాగా కలిసి వెలుగును అడ్డగించేది జాస్పరు. ఒకే రాయిలో సగం అగేటు, సగం జాస్పరు ఉండడం కూడా మామూలే. అటువంటి రాయిని పట్టుకొని నాది ఒప్పు, నీది తప్పు అని ఇద్దరు మిత్రులు మాటలు మానుకోనక్కరలేదు.

ఇవి ఎలా పుట్టాయో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. మన హనుమకొండ, కాజీపేట, వరంగల్లు చుట్టూ ఉన్న గుట్టలు గ్రానైటు జాతివి. అగేటుకు అవి పుట్టినిల్లు కావు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం నేటి మహారాష్ట్రలో అధికభాగాన్ని, మన వైపు వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాలను కప్పుతూ లావా పారింది. అది చల్లారి బసాల్టు అనే నల్లరాయి అయింది. లావాలోని ఆవిరి బుడగలు ఖాళీలుగా మిగిలిపోయాయి. ఆ ఖాళీలలోకి సిలికా కరిగిన నీరు ఊరి, గోడల నుంచి లోపలికి పొర మీద పొరగా పేరుకుంది. అగేటులోని చారలు ఆ పొరలే.

గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టిందే ఈ నల్లరాతి నేలలో. వార్ధా, పెన్‌గంగ నదులు కూడా అటువంటి నేలలమీదుగానే వచ్చి ప్రాణహితలో చేరతాయి. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. బసాల్టు మెత్తబడి మట్టి అవుతుంది గాని అగేటు అరగక, దొర్లుకుంటూ నది వెంట వస్తుంది. అంటే మంగపేట, ఏటూరునాగారం ఇసుకలో మనం ఏరే అగేటు సాధారణంగా అక్కడి స్థానికుడు కాదు, వందల కిలోమీటర్ల నుంచి బదిలీ మీద వచ్చిన ఉద్యోగి! అది నాసిక్ వైపు నుంచి వచ్చిందో, వార్ధా వైపు నుంచి వచ్చిందో రాయిని చూసి చెప్పలేము. నర్సంపేట వైపు కథ వేరు. పాఖాల చెరువు పేరుతోనే భూవిజ్ఞానులు పిలిచే పాఖాల శిలల్లో సున్నపురాయి జాతి పొరలతో పాటు చెర్టు అనే సిలికా రాయి కూడా ఉంటుంది. చూపుకు అది జాస్పరుకు దగ్గరి చుట్టం. కనుక ఒక ముక్క గోదావరిలో దొరికిందా, పాఖాల దగ్గర దొరికిందా అన్నదాన్నిబట్టే మన ఊహ మారిపోతుంది.

ఈ సరదా మనతో మొదలైంది కూడా కాదు. సంగారెడ్డి దగ్గరి కొండాపూర్ తవ్వకాలలో దొరికిన రాతి పూసలు పేరుపొందినవి. వాటిమీద 1952లో ప్రత్యేకంగా ఒక గ్రంథమే వెలువడింది. గోదావరి మీది పైఠాన్ నుంచి భరుకచ్ఛ రేవుకు చారల రాళ్ళు బండ్లమీద వెళ్ళేవని సుమారు రెండు వేల సంవత్సరాల క్రితం ఒక రచయిత ‘పెరిప్లస్’ అనే గ్రీకు గ్రంథంలో రాసిపెట్టాడు. ఎవరో రాసిపెట్టారు కనుక ఈనాడు మనకు తెలిసింది.

ఇక ఇంట్లో చేయదగిన పరీక్షలు. ఇవి సాన పట్టని రాళ్ళకు, లేదా బిళ్ళ వెనుకవైపుకు మాత్రమే. నగలో పొదిగిన రాయిని, పూజలో ఉన్న రాయిని గీకవద్దు.

మొదటిది వెలుగు పరీక్ష. రాయిని సబ్బుతో కడిగి, చీకటి గదిలో పలుచని అంచు వెనుక టార్చి పెట్టండి. అంచు తేనెరంగుగానో పాలరంగుగానో వెలిగితే అగేటు, చాల్సిడనీ వైపు మొగ్గాలి. వెలుగు ఏమాత్రం రాకపోతే జాస్పరు కావచ్చు, మరేదైనా కావచ్చు.

రెండోది గట్టిదనం. మోస్ అనే శాస్త్రజ్ఞుడు 1812లో ఏర్పరచిన కొలబద్దలో మన గోరు సుమారు రెండున్నర, పాలరాయి 3, చాకు మొన, సీసా గాజు సుమారు అయిదున్నర, మంచి ఆకురాయి ఆరున్నర. అగేటు, జాస్పరు ఏడుకు కాస్త అటూ ఇటూ. కనుక పారేసిన సీసా ముక్కను బల్లమీద ఆనించి, రాతి మొనతో గట్టిగా గీయండి. గీత పడాలి. చాకుతో రాయిని గీస్తే రాయిమీద గీత పడకూడదు. ఒక్కొక్కసారి నల్లని గీత కనిపిస్తుంది. తడిగుడ్డతో రుద్ది, గోటితో తడిమి చూడండి. గాడి తగలకపోతే అది రాయిమీద మిగిలిన ఇనుము. గీయడంలో గాజు పెళ్ళలు లేస్తాయి కనుక కళ్ళజోడు తప్పనిసరి.

మూడోది బరువు. వంటింట్లోని డిజిటల్ కాటా చాలు. మొదట రాయిని తూచండి. ఆ తరువాత గ్లాసులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. రాయిని దారానికి కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా ముంచి పట్టుకోండి. అప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువును భాగించండి. ఉదాహరణకు రాయి 53 గ్రాములు, నీళ్ళలో చూపింది 20 గ్రాములు అనుకుందాం. జవాబు 2.65. అగేటు సుమారు 2.6 దగ్గర ఉంటుంది. జాస్పరులో ఇనుము ఎక్కువైన కొద్దీ ఇది పెరుగుతుంది. జవాబు మూడు దాటితే మరో రాయిని అనుమానించాలి. మరీ చిన్న రాళ్ళకు వంటింటి కాటా చాలదు. కంసాలి దగ్గరి కాటా కావాలి.

నాలుగోది భూతద్దం. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న అద్దంతో విరిగిన చోటు చూడండి. అగేటు విరిగితే గవ్వలోపలి వంపులాగా, మైనం పూసినట్లు కనిపిస్తుంది. జాస్పరు విరుపు అంత నిగారింపుగా ఉండదు గాని నున్నగానే ఉంటుంది. రవ్వరవ్వగా ఇసుక గింజలు కనిపిస్తే అది ఇసుకరాయి. వేరువేరు ఖనిజాల చుక్కలు మెరిస్తే అది బసాల్టో మరో అగ్నిశిలో అయివుంటుంది.

ఏ ఒక్క పరీక్షా చాలదు. పాలరాయి జాతికి 2.7 వస్తుంది, అంటే బరువులో అగేటుకు దగ్గరే. కాని చాకు దానిని సులభంగా గీస్తుంది. బజారులో “గ్రీన్ ఆనిక్స్” అని అమ్మే ఆకుపచ్చ గిన్నెలు, పూలకుండీలు చాలావరకు ఈ సున్నపు జాతివే. గాజు కూడా బరువులో మోసం చేయగలదు. కాని భూతద్దంలో గుండ్రని గాలి బుడగలు, సుడులు కనిపిస్తే గాజేనని అనుకోవాలి. గోమేధికమనే మాటను కొందరు అగేటుకు వాడతారు. నవరత్నాల వ్యాపారంలో గోమేధికమంటే హెసొనైటు అనే గార్నెట్టు. దాని బరువు లెక్క 3.6 దగ్గర వస్తుంది, కాబట్టి కాటా ఆ తగవు తీరుస్తుంది. ఇక రాయిగా మారిన చెట్టు. గోదావరి అవతల సిరోంచ దగ్గర వడధం శిలాజ ఉద్యానంలో అటువంటి మాను ముక్కలున్నాయి. సిలికాతో నిండిన ఆ కొయ్య గట్టిదనంలో జాస్పరులాగే ఉంటుంది. కొయ్య ఈనెలు, వలయాలు కనిపిస్తాయేమో చూడాలి. శిలాజాలు దొరికే చోట నుంచి ముక్కలు ఎత్తుకురావడం మాత్రం తగదు. అవి అక్కడ ఉంటేనే శాస్త్రానికి పనికివస్తాయి.

రంగు సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. అగేటులో సన్నని రంధ్రాలుంటాయి కనుక రంగు పీలుస్తుంది. నల్లని ఆనిక్సులో చాలా భాగం బూడిదరంగు రాయిని చక్కెర నీళ్ళలో నానబెట్టి, గంధకామ్లంలో వేసి, లోపలి చక్కెరను బొగ్గు చేసినదే. జర్మనీలోని ఈడార్-ఓబర్‌స్టైన్ పట్టణం 19వ శతాబ్దిలో ఈ రంగుల విద్యకు పేరు మోసింది. మన గుజరాత్‌లోని ఖంభాత్ పనివారు రతన్‌పూర్ గనుల రాయిని ఎండబెట్టి, కుండలలో పెట్టి కాల్చి ఎర్రని కార్నీలియన్ చేయడం తరతరాల విద్య. కాల్చడంవల్ల రాయిలోని ఇనుమే రంగు మారుతుంది. దానిని మోసమనలేము. కాని బజారులో కనిపించే గులాబీ రంగు, నెమలికంఠం నీలం అగేటు పలకలు దాదాపు అన్నీ అద్దకపు సరుకే. రంగు పగుళ్ళలో చిక్కగా చేరిందేమో చూడండి. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో దూది ముంచి వెనుకవైపు రుద్దితే కొన్ని రంగులు వదులుతాయి. వదలకపోతే సహజమని రుజువైనట్లు కాదు.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాము. అగేటు అనే పేరు సిసిలీ ద్వీపంలోని అఖాతెస్ నది నుంచి వచ్చింది. చెట్టు కొమ్మల వంటి గీతలున్న రాయిని ‘మోచా రాయి’ అన్నారు. మోచా యెమెన్ దేశపు రేవు. అది ఆ రాయి ఓడ ఎక్కిన ఊరే గాని పుట్టిన ఊరు కాదు. ‘స్విస్ లాపిస్’ స్విట్జర్లాండుదీ కాదు, లాపిస్సూ కాదు, నీలం అద్దిన జాస్పరు. ‘ఇండియన్ జేడ్’ జేడ్ కాదు, ఆకుపచ్చ పలుగురాయి జాతిది. బజారు పేర్లలో ఊరి పేరు ఉన్నంత మాత్రాన అది చిరునామా అనుకోరాదు.

మన పెద్దలు మాత్రం ఊరిని, ఏటిని బాగా పట్టించుకున్నారు. పంచాయతన పూజను తలచుకోండి. విష్ణువుకు గండకీ నది సాలగ్రామం, శివునికి నర్మద బాణలింగం, గణపతికి శోణానది ఎర్రరాయి, అమ్మవారికి స్వర్ణముఖి రాయి. రాయి రంగు, ఆకారంతో పాటు అది ఏ నదిదన్నది ముఖ్యం. ఆ నది పేరు తండ్రి కొడుక్కి చెప్పినంతకాలమే నిలుస్తుంది. చెప్పకుండా వెళ్ళిపోతే పీఠం మీద మిగిలేది నున్నని గులకరాయి ఒక్కటే.

మిత్రులారా, సర్వీసు రిజిస్టరులో ఒక పేజీ లేకపోతే పింఛను ఎలా ఆగుతుందో ఈ సభలో వేరే చెప్పనక్కరలేదు. మనిషి ఎదురుగా నిలబడి “నేనే పనిచేశాను” అన్నా కాగితం కావాలంటారు. రాయికి నోరు కూడా లేదు. కనుక ఏరిన రోజునే దానికి ఒక సర్వీసు రిజిస్టరు తెరవండి. పెద్ద పని కాదు. రాయి మీద మూలన తెల్ల పెయింటు చుక్క, దానిపై నల్ల సిరాతో ఒక అంకె. నోటు పుస్తకంలో అదే అంకె ఎదుట అయిదు సంగతులు రాయండి. దొరికిన తేదీ, ఊరు, నది లేదా వాగు పేరు, నేలలో పాతుకొని ఉందా ఇసుకలో విడిగా ఉందా అన్నది, ఏరినవారి పేరు. కొన్నదైతే తేదీ, అంగడి, ఇచ్చిన ధర, అమ్మినవారు చెప్పిన పేరు, “వారు చెప్పినది” అని స్పష్టంగా. కోసి బిళ్ళలు చేస్తే ప్రతి బిళ్ళకూ అదే అంకె, పక్కన క, ఖ, గ.

జిల్లా పేరు ఒక్కటే రాసి ఊరుకోవద్దు. మంగపేట 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా. ఆ తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లా. 2019 నుంచి ములుగు జిల్లా. రాయి కదలలేదు, మూడు జిల్లాలు మారాయి! ఊరు, నది పేరు ఉంటే ఈ చిక్కు ఉండదు.

పేరు అన్న గడిలో తెలియకపోతే “తెలియదు” అని రాయండి. చిన్నతనమేమీ లేదు. “తెలియదు, సిలికా జాతి, 2.62, గోదావరి ఇసుక, మంగపేట” అన్న చీటీ ఎంతో విలువైనది. రేపు తెలిసినవారు చూసి ఖాళీ పూరిస్తారు. అందమైన తప్పుడు పేరు రాస్తే ఆ ఖాళీ ఉన్నట్లు కూడా ఎవరికీ తెలియదు. మన తరువాత మన పిల్లలు ఆ పెట్టె తెరుస్తారు. చీటీ ఉంటే అది నాన్నగారు గోదావరి ఒడ్డున ఏరిన రాయి. చీటీ లేకపోతే పూలకుండీలో వేసే గులకరాయి. అందులో వారి దోషమేమీ లేదు.

ఆరోగ్యం గురించి ఒక హెచ్చరిక. అగేటు, జాస్పరు సానపడితే లేచే దుమ్ము సన్నని సిలికా. అది ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వస్తుంది. పోగొట్టే మందు లేదు. ఖంభాత్ అగేటు పనివారి కుటుంబాలు ఈ వ్యాధితో పడిన బాధ బాగా నమోదైన విషయం. కనుక పొడిగా ఎన్నడూ సానపట్టవద్దు. చక్రం మీద నీళ్ళు పడుతూనే ఉండాలి. ముఖానికి తువ్వాలు చాలదు, ఎన్-95 వంటి మాస్కు కావాలి. బురద ఎండక ముందే తడిగుడ్డతో ఎత్తివేయండి, చీపురు వాడవద్దు. మనుమలు ఆడుకునే వరండాలో ఈ పని పెట్టుకోవద్దు. ఆయాసం, ఉబ్బసం ఉన్నవారు ఏరడం, చీటీలు రాయడంతో తృప్తిపడండి. అదేమీ తక్కువ పని కాదు.

చివరగా కొనేవారికి ఒక మాట. రాతి ఉంగరం ధరించడం, మానడం మీ మీ విశ్వాసం. అందులో నేను వేలు పెట్టను. కాని గ్రాట్యుటీ సొమ్ము మనం ముప్పై ఏళ్ళు కష్టపడిన ఫలం. అగేటు, జాస్పరు సాధారణంగా కెంపు, నీలాల ధర పలికే రాళ్ళు కావు. పెద్ద మొత్తం అడిగితే రశీదు మీద రాయి పేరు, రంగు అద్దినదా కాదా అన్నది రాసి ఇమ్మనండి. రాయడానికి వెనుకాడితే మీరు డబ్బు తీయడానికి వెనుకాడండి. విలువైన రాయి అనుకుంటే గుర్తింపు పొందిన రత్న పరీక్షశాల నివేదిక తెప్పించుకోండి. అక్కడివారు కూడా “చాల్సిడనీ, రంగు వేసినది” అని చెప్పగలరు గాని, మీ తాతగారు ఏ తీర్థయాత్రలో కొన్నారో చెప్పలేరు. అది చెప్పగలిగిన పెద్దలు ఇంట్లో ఉండగానే అడిగి రాసుకోండి.

వచ్చే సమావేశానికి సంఘం గదిలో ఒక బల్ల, కాటా, భూతద్దం ఏర్పాటు చేస్తామని కార్యదర్శిగారు మాట ఇచ్చారు. మీ రాళ్ళు తీసుకురండి. రాళ్ళకంటే ముందు చీటీలు తీసుకురండి.